వంద వాట్ల ప్రబంధం

మహాకావ్యమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని దండి మొదలుకొని మన లాక్షణికులు గిరి గీసి కూర్చున్నారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, జలక్రీడ, మధుపానం, దూత, యుద్ధం, చివరికి నాయకుడి అభ్యుదయం. నాయకుడు ధీరోదాత్తుడు కావాలి, వంశం గొప్పది కావాలి. ఈ కావ్యంలో నాయకుడు ఒక రేడియో. పేరు సంగం రేడియో. పుట్టిల్లు జహీరాబాదు దగ్గర ఝరాసంగం మండలం, మాచ్‌నూరు. వంశం సంగతి ముందుముందు చెప్పుకుందాం.

సముద్ర వర్ణన దగ్గరే కవికి మొదటి దెబ్బ తగిలింది. జహీరాబాదుకు సముద్రం లేదు. పోనీ నారింజ వాగునే సముద్రమనుకుందామంటే వాగు సిగ్గుపడుతుంది. జలక్రీడ ఊసే ఎత్తొద్దు. వానను నమ్ముకుని బతికే ఎర్రనేలల్లో నీళ్లతో ఆటలాడితే పెద్దవాళ్లు వీపు వాయగొడతారు. మధుపానానికి కావలసిన సరుకు ఊళ్లో లేకపోలేదు గానీ, ఈ రేడియో నడిపే పల్లె ఆడవాళ్ల సంఘం, అంటే సంగం, వింటుండగా ఆ ఘట్టం ఎత్తుకునే గుండె ఈ కవికి లేదు. ఉన్నవాటితోనే సర్దుకుందాం.

నగరం మాత్రం దివ్యంగా ఉంది. ముంబయి రహదారి మీద వెలుగొందే ఆ పురానికి చెరకు లారీలే కోటగోడలు. బస్సు హారను దాని శంఖారావం. రథాలు బయటి నుంచి తెప్పించుకునే ఖర్మ లేదు. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఊరిదే. అంగడిలో అల్లం బస్తాలు విప్పితే ఆ ఘాటుకు అష్టదిగ్గజాలు తుమ్ముతాయి. ఆలుగడ్డల కుప్పలు కులపర్వతాలతో కుస్తీకి దిగుతాయి. పౌరులు తెలుగులో బేరం మొదలుపెట్టి, ఉర్దూలో తెగ్గొట్టి, కన్నడంలో చుట్టరికం కలుపుకొని, కాస్త తీరిక ఉంటే మరాఠీలో సెలవు తీసుకుంటారు.

ప్రబంధమన్నాక కృతి పుచ్చుకునే ప్రభువును పొగుడుతూ షష్ఠ్యంతాలుండాలి. పద్యం చేతకాదు గనక వచనంలోనే విన్నవించుకుంటాను. పాతకాలపు 100 వాట్ల బల్బును మించని తేజస్సు గలవానికి, ఆ తేజస్సుతోనే చుట్టూ 25 కిలోమీటర్ల సీమను ఏలువానికి, క్షణానికి 9,04,00,000 మార్లు కంపించియు జంకు ఎరుగనివానికి (90.4 మెగాహెర్ట్జ్ అంటే లెక్క అంతే వస్తుంది, అతిశయోక్తి కాదు), లక్షల వాట్ల ఆకాశవాణి పెద్దన్న పక్కనుండగా తన పాట తాను పాడుకొనువానికి, కరెంటు పోయిన మరునిమిషమే మహాముని అయిపోవువానికి ఈ కృతి అంకితము.

తర్వాత పూర్వకవి స్తుతి. నన్నయకు, తిక్కనకు దండం పెట్టుకున్నాక ఈ కావ్యం కోసం ప్రత్యేకంగా మొక్కవలసిన పెద్దాయన ఒకరు అమెరికాలో ఉండేవారు. రాబర్ట్ ఆల్ట్‌మన్. ఎనభై ఏళ్ల వయసులో, వేరొకరి గుండె తన రొమ్ములో కొట్టుకుంటుండగా, లైవ్ రేడియో మీద ఒక సినిమా తీశారు. పేరు ‘ఎ ప్రెయరీ హోమ్ కంపానియన్’. 2006లో వచ్చింది. అదే ఆయన ఆఖరి సినిమా. పెద్దాయన షూటింగు మధ్యలో రాలిపోతే డబ్బు మునుగుతుందని బీమా వాళ్ల భయం. అందుకని పాల్ థామస్ ఆండర్సన్ అనే పేరున్న దర్శకుణ్ణి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మన పురాణాల్లో యువరాజ పట్టాభిషేకాలు చాలా ఉన్నాయి గానీ, బీమా కంపెనీ కోసం జరిగింది ఒక్కటీ లేదు.

కథ చిన్నది. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో ఫిట్జ్‌జెరాల్డ్ థియేటరు. గారిసన్ కీలర్ 1974లో మొదలుపెట్టిన రేడియో కార్యక్రమం నిజంగానే అక్కడి నుంచి వెలువడేది. ఎదురుగా జనం, వేదిక మీద పాట, మాట తడబడితే తడబాటుతో సహా గాలిలోకి. సినిమా రాసిందీ కీలరే, అందులో తన వేషం వేసుకుందీ ఆయనే. కల్పన ఏమిటంటే, ఎక్కడో టెక్సస్ కంపెనీ ఆ థియేటరును కొనేసింది, పడగొట్టి బండ్లు నిలిపే జాగా చేస్తుంది, ఇది చివరి రాత్రి. గొడ్డలి పట్టుకోని పరశురాముడిలా, ఆ కంపెనీ మనిషి వేషంలో టామీ లీ జోన్స్ వచ్చి పైన బాల్కనీలో కూర్చుంటాడు.

అంత ప్రళయం ముంచుకొస్తున్నా అందులో ఎవరూ జుట్టు విరబోసుకుని ఏడవరు. పాటలు పాడతారు. మొరటు జోకులు వేస్తారు. తెరవెనుక ఒక ముసలి గాయకుడు తన గదిలో కన్నుమూస్తాడు. ఆ మాట మైకులో చెప్పి నాలుగు కన్నీటి చుక్కలు రాల్చమని చుట్టూ ఉన్నవాళ్లు పోరుతున్నా కీలర్ చెప్పడు. మృత్యువు అక్కడ దున్నపోతు మీద రాదు. తెల్లకోటు తొడుక్కుని, వర్జీనియా మాడ్సెన్ రూపంలో, ఎవరికీ అడ్డం రాకుండా తిరుగుతుంది. ఇంత మర్యాదస్తురాలైన మృత్యువును నేను మరే సినిమాలోనూ చూడలేదు.

ఈ కవికి గురుపీఠం దొరికింది మాత్రం వేరే చోట. లైవ్‌లో ఉండగా చదవాల్సిన కాగితాలు దొరకవు. గాలి ఖాళీగా ఉండకూడదు. ఇక చూడండి, డక్ట్ టేపు మీద ప్రకటన మొదలవుతుంది. ఆ అంటుపట్టీ మహిమలు ఒకరు అందుకుంటే మరొకరు పెంచుతారు. శబ్దాల మనిషి టామ్ కీత్ చేతికందిన చిల్లర సామానుతో, నోటితో, వాళ్లు ఏ మాటంటే ఆ మాటకు చప్పుడు పుట్టిస్తుంటాడు. హోమరు మహాకావ్యంలో అకిలీసు డాలుకు దక్కిన వైభవం ఇక్కడ చిరిగిన సంచికి అతికించే పట్టీకి దక్కుతుంది. చిన్న వస్తువును పట్టుకుని గంభీరంగా వేలాడటమెలాగో నేర్చుకున్నది అక్కడే.

ఆల్ట్‌మన్‌కు ఒక మహా వ్యసనం. ఆయన సినిమాల్లో ఒకరి మాట పూర్తయ్యాక మరొకరు మాట్లాడరు. అందరూ కలిపి మాట్లాడతారు. ఒక్కొక్క గొంతుకూ విడిగా మైకు పెట్టి, అన్నిటినీ వేరువేరు ట్రాకుల మీద పట్టి, తర్వాత కలిపేవారు. ఈ సినిమాలోనూ మెరిల్ స్ట్రీప్, లిలీ టామ్లిన్ అక్కచెల్లెళ్లై ఒకరి మాటల మీద ఒకరు ఎక్కి తొక్కుతుంటారు. అదొక గొప్ప ప్రయోగమని విమర్శకులు మెచ్చుకున్నారు. జహీరాబాదు చుట్టుపక్కల ఏ సంగం మీటింగుకైనా ఆయనను తీసుకొచ్చి కూర్చోబెట్టి ఉంటే పొర్లుదండాలు పెట్టేవారు. ఇరవై మంది ఒక్కసారే మాట్లాడతారు, ఆ ఇరవై మందీ వింటారు కూడా. అందరూ అన్నది అందరికీ ఎరుకే. ఒక్క ట్రాకు కూడా అక్కర్లేదు.

ఆల్ట్‌మన్ 2006 నవంబరు 20న పోయారు. సరిగ్గా ఆ నెలలోనే ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే హక్కు ఇవ్వొచ్చునని ఒప్పుకుంది. అక్కడ రేడియోకు అంపకాలు పాడిన పెద్దాయన పోయిన నెలలో ఇక్కడ పెళ్లిచూపులకు అనుమతి దొరికింది. వీడ్కోలు చెప్పుకోవడమూ కలిగినవాళ్ల భోగమే. ఎన్నడూ మైకు దొరకని వాళ్లు దేనికని వీడ్కోలు చెబుతారు? (కీలరు కార్యక్రమం ఆ వీడ్కోలును పట్టించుకోలేదు. దర్శకుడు పోయిన పదేళ్ల దాకా, 2016 వరకు, కీలర్ దాన్ని నడుపుతూనే ఉన్నారు.)

కుకవి నింద క్లుప్తంగా కానిద్దాం. రేడియో చచ్చిందని ఏటేటా తద్దినం పెట్టి, మళ్లీ కారెక్కగానే రేడియో తిప్పేవారు ఒక రకం. రైతుకు ఏమీ తెలియదని, తాము చెబితే వినాలని పుట్టిన గొంతులు మరో రకం. 1960లలో తంజావూరు వైపు ఎ.డి.టి.-27 అనే వరి రేడియోలో ఎంతగా మోగిందంటే, జనం దానికి రేడియో వరి అనే పేరు పెట్టేశారు. గింజ సంగతి ఎలా ఉన్నా, మాట మాత్రం ఎప్పుడూ పైనుంచి కిందికే వచ్చింది. కింద ఉన్న మనిషి తిరిగి ఒక ముక్క అనాలంటే కార్డు ముక్క రాసి ఎదురుచూడాలి.

ఇక యుద్ధం. ఈ యుద్ధానికి శత్రువు 1885 నాటి టెలిగ్రాఫు చట్టం. ఆకాశంలో తిరిగే ప్రతి తరంగమూ సర్కారుదే అని రాసిపెట్టుకున్న ముసలి రాక్షసి. దాన్ని మొదట గాయపరిచిన బాణం ఎక్కడి నుంచి వచ్చిందో వింటే వ్యాసుడు కూడా గంటం కింద పెట్టి నవ్వుతాడు. 1993లో బెంగాల్ క్రికెట్ వాళ్లు హీరో కప్ అనే పోటీ పెట్టారు, దాన్ని టీవీలో ఎవరు చూపించాలన్న దగ్గర సర్కారుతో తగువు పడింది. ఆ తగువు సుప్రీంకోర్టుకెక్కి, 1995 ఫిబ్రవరి 9న తీర్పయి దిగింది. వాయుతరంగాలు ప్రజల సొత్తు అని జస్టిస్ పి.బి. సావంత్ రాశారు. బంతి కోసం కొట్లాడుకుంటే ఆకాశం ప్రజల పాలైంది.

పాలైందన్నది కాగితం మీది మాట. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంగాల్లోని ఆడవాళ్లు దాన్ని కాగితం మీద వదల్లేదు. 1998 ప్రాంతంలో యునెస్కో సాయంతో మాచ్‌నూరులో, పచ్చసాలె బడి ఆవరణలో, స్టూడియో లేచింది. మైకులు వచ్చాయి, టేపులు వచ్చాయి, గొంతులు ముందే ఉన్నాయి. లైసెన్సు మాత్రం రాలేదు. అప్పుడు మన నాయకుడి వనవాసం మొదలైంది. పాండవుల కంటే మూడేళ్లు తక్కువ, పదేళ్లు. ఆ పదేళ్లూ వాళ్లు రికార్డు చేయడం ఆపలేదు. వందల గంటల పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందు చెట్ల కథలు. గాలిలోకి వదలడానికి వీల్లేదు గనక క్యాసెట్లను చేతబట్టుకుని ఊరూరి సంగం మీటింగులకు తీసుకుపోయి వినిపించారు. అజ్ఞాతవాసంలో ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచడం పాండవుల పద్ధతి. వీళ్లు ఆయుధాలను ఊరేగిస్తూనే అజ్ఞాతవాసం చేశారు.

ఆ క్యాసెట్టు మహిమ ఈ కాలపు పిల్లలకు ఏం తెలుసు? అరచేతిలో ఇమిడే డబ్బాలో అటు ముప్పై నిమిషాలు, ఇటు ముప్పై నిమిషాలు. నడుమ గోధుమరంగు వాసుకి. అది యంత్రం నోట్లో చిక్కుకుపోయినప్పుడు జరిగే సముద్ర మథనం చెప్పనలవి కాదు. దేవాసురులకు మందర పర్వతం కావలసి వచ్చింది. ఇక్కడ పెన్సిలు చాలు.

2002లో తలుపు ఒక అంగుళం తెరిచి, కాలేజీలూ విశ్వవిద్యాలయాలూ మాత్రం రావచ్చునన్నారు. చదువుకున్న గొంతులకే గాలి అన్నమాట. 2006లో ఆ షరతు పోయింది. 2008 అక్టోబరు 15న, ఐక్యరాజ్యసమితి తొలిసారి జరిపిన గ్రామీణ మహిళల దినం నాడు, సంగం రేడియో గాలిలోకి ఎగిరింది. దేశంలో స్వచ్ఛంద సంస్థ చేతికి అందిన తొలి కమ్యూనిటీ రేడియో. ప్రారంభించడానికి వచ్చినది ఎవరో కాదు, ఆ తీర్పు రాసిన సావంతే. శాపవిమోచనం చెప్పిన ఋషే ముహూర్తానికి రావడం పురాణాల్లో కూడా అరుదు.

రథసారథులు ఇద్దరు. ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు ఆల్గోల్ నర్సమ్మ, ఇంకొకరు జనరల్ నర్సమ్మ. ఈ జనరల్ గారికి ఆ బిరుదు ఏ సైన్యమూ ఇవ్వలేదు. మహాభారతంలో కౌరవులకు సేనాపతులు వరుసగా మారారు గానీ, పాత పంటల పక్షాన ఈ జనరల్ ఎన్నేళ్లుగానో మారలేదు.

కావ్యానికి ఒక దర్శకుడూ ఉండేవారు. పి.వి. సతీష్. ఒకప్పుడు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. 1975లో అమెరికా వాళ్ల ఉపగ్రహం ఆధారంగా మన పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగం రోజుల్లో గ్రామాల కోసం కార్యక్రమాలు తీశారు. ఆ ఉపగ్రహం ఉన్నది 36,000 కిలోమీటర్ల ఎత్తున. అంత ఎత్తు నుంచి పల్లెకు చెప్పి చూసిన మనిషి, 1983లో మిత్రులతో కలిసి ఈ డెక్కన్ సొసైటీ పెట్టి, చివరికి 25 కిలోమీటర్ల గొంతు దగ్గర ఆగారు. ఆకాశగంగను దించిన భగీరథుడి కథ మనకు తెలుసు. ఇంత ఎత్తు నుంచి తానే దిగొచ్చిన భగీరథుడి కథ తక్కువ.

రేడియోతో పాటు అక్కడి ఆడవాళ్లు వీడియో కెమెరాలూ పట్టారు. పట్టాక నాట్యశాస్త్రంలో లేని ఒక అధ్యాయం చేర్చారు. కెమెరాను పైన పెట్టి కిందికి చూపితే అది పటేల్ షాట్. దొర మేడ మీది నుంచి చూసే చూపు. కింద పెట్టి పైకి చూపితే దొర ముందు వంగిన జీతగాడి చూపు. కళ్లకు కళ్లు సమంగా పెడితే సంగం షాట్. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లలో ఏళ్ల తరబడి చెప్పే పాఠం అంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. రేడియోకు ఆ మూడింటితోనూ పని లేదు. గొంతుకు పైనా లేదు, కిందా లేదు. పెట్టెలోంచి వచ్చేదంతా సంగం షాటే.

ఇక కావ్యంలోని అసలు ఘట్టాలు, అంటే చిన్న వస్తువులు. ఇక్కడి నుంచి కవికి కల్పన చెల్లుతుంది గనక ఏ రోజు, ఎవరు అని అడగకండి.

ముందుగా మైకు. నెత్తిన నల్ల స్పాంజి కిరీటం. అది అలంకారం అనుకునేరు, కవచం. అచ్చుల జోలికి అది పోదు. ‘ప’ కారమే దాని శత్రువు. జహీరాబాదు సీమలో ఎవరు నోరు తెరిచినా పచ్చజొన్న, పెసర్లు, పుంటికూర, పప్పు. ప్రతి పకారానికీ నోట్లోంచి చిన్న తుపాను లేచి పొరను గుద్దుతుంది. కాకరకాయల మీద కార్యక్రమం చేస్తే మైకు నిండు నూరేళ్లు బతుకుతుంది. కానీ పాత పంటల సీమలో పుట్టిన పాపానికి పుట్టెడు పకారాలు భరించాలి.

రెండో వీరుడు కీచురాయి. ఊళ్లో మేక అరిస్తే తలుపు వేసుకోవచ్చు. లారీ పోతే పోయేదాకా ఆగొచ్చు. ఫ్యాను చప్పుడని ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ, అంతా సిద్ధమని వేలు చూపించగానే గోడ మూలలోంచి కిర్రుమంటుంది. అభిమన్యుడికి పద్మవ్యూహంలోంచి బయటికి రావడం తెలియదు. దీనికి తెలుసు గానీ రాదు. చెప్పు పట్టుకుని దగ్గరికి పోతే మౌనం. కుర్చీలో కూర్చుంటే సంగీతం. ఆల్ట్‌మన్ అయితే దానికీ ఒక మైకు పెట్టేవారు.

మూడోది విత్తనం. చాటలో కొర్రలు వేసి కదిలిస్తే ఒక చప్పుడు, తొగర్లు వేస్తే మరొకటి, అనుములు వేస్తే ఇంకొకటి. మైకు ముందు చాట ఆడిస్తే ఏ గింజో చెప్పగల ఆడవాళ్లు ఆ సీమలో కొల్లలు. టామ్ కీత్ చప్పుడుతో వస్తువును భ్రమింపజేసేవాడు. ఇక్కడ వస్తువే వచ్చి కూర్చుని చప్పుడు చేస్తుంది.

దూత ఘట్టం చూడండి. నలుడికి హంస, రాముడికి హనుమంతుడు. మన నాయకుడి దూత 30 మీటర్లకు మించరాదని నిబంధన చెప్పిన స్తంభం కొస నుంచి దూకి, 25 కిలోమీటర్ల అవతలి పల్లెకు సెకనులో 12,000వ వంతు కాలంలో చేరుతుంది. హనుమంతుడికి దారిలో సురస అడ్డం పడింది. దీనికి మిట్ట అడ్డం పడుతుంది. కొంచెం ఎత్తైన మిట్ట వెనక ఇల్లు కట్టుకున్నవాడికి ఆ రోజు గరగర తప్ప సందేశం దక్కదు.

చంద్రోదయమయింది. పొద్దుగూకి ఏడు గంటలు. పొయ్యి మీద గటక కుతకుతలాడుతుండగా, గూట్లో రేడియో. వినేవాళ్లు అందులో మాట్లాడేవాళ్లకు వదినలు, మేనత్తలు, బాకీదార్లు. ఈ బంధుత్వంతో వచ్చే చిక్కు ఇంటర్వ్యూలో తెలుస్తుంది. టేపు తిరుగుతుంటుంది. పద్ధతి ప్రకారం చిన్నామె అడుగుతుంది:

“నీ పేరు జెప్పవ్వా.”

“నా పేరు నీకెర్కలేదా పొల్లా? నిన్న గాదు నీకు రొట్టె వెట్టింది?”

“నాకెర్కనే అవ్వా. వినెటోళ్లకు జెప్పు.”

“వినెటోళ్లు ఎవలు? మనోళ్లే గద. గాళ్లకు నువ్వెర్కలేదు గని, నేనెర్కనే.”

పేరు దగ్గరే అయిదు నిమిషాలు. అక్కడి నుంచి విత్తనానికి వచ్చేసరికి టేపు సగం. ఏ పంటతో ఏది కలిపి చల్లాలి, జొన్నలో తొగరి ఎన్ని సాళ్లకు ఒక సాలు, కొర్రలు ఎంత. అవ్వ చెబుతుంది, పొల్ల పట్టుకుంటుంది.

రెండు రోజుల తర్వాత ఏడింటికి అదే మాట గూట్లోంచి వస్తుంది. అవ్వ రొట్టె కాలుస్తూ తన గొంతు తానే వింటుంది. మొదట మురిసిపోతుంది. పక్కింటామెను కేకేస్తుంది. కొర్రల లెక్క రాగానే చేతిలో రొట్టె అట్లాగే ఆగిపోతుంది.

“అగో, అబద్ధమాడుతున్నది జూడు! సోలెడు గాదే, తవ్వెడు. గీ రేడియోల ముసల్దానికి ఏమెర్క?”

“గది నీ గొంతే గదనే అత్తా.”

“నాదైతేంది? తప్పు తప్పే.”

మర్నాడు పొద్దున్నే చెంగు దోపుకొని మాచ్‌నూరు తోవ పట్టింది. స్టూడియో గడపలో నిలబడి ఆ ముసలిదాని మీద ఫిర్యాదు చేసింది. పొల్ల నవ్వకుండా ఉండటానికి హెడ్‌ఫోను తలకు తగిలించుకుని, మైకు ముందుకు జరిపి, పద్ధతి ప్రకారం మళ్లీ అడిగింది:

“నీ పేరు జెప్పవ్వా.”